నూకరత్నం పాటంత పొడుగు

ఊడ్పు పని వెనక్కి నడిచే పని. కళ్ళ ముందు ఉండేది అప్పటిదాకా నాటిన చేను. వీపు వెనక ఉండేది ఇంకా నాటని నీళ్ళు. ఎక్కడికి పోతున్నామో కనపడదు. ఎక్కడి నుంచి వచ్చామో మాత్రం పచ్చగా కనపడుతూ ఉంటుంది. నా వయసంతా అలా వెనక్కి నడిచాను. అందులో సగం ముఠాకి మేస్త్రీగా నడిచాను.

ఈ మధ్య మా వీధి ఆడపిల్లలు ముఠాలు కట్టి వ్యానుల మీద దూరపు ఊళ్ళకు ఊడ్పులకు వెళ్తున్నారు. "పెద్దమ్మా, మేస్త్రీ పనిలో ఏం చూసుకోవాలి?" అని అడిగారు. నోటితో చెప్తే వ్యాను ఎక్కేలోపు మర్చిపోతారు. అందుకని రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక, పంచాయతీ అరుగు మీద నడిచిన రాత్రి బడిలో. తప్పులుంటే దిద్దుకుని చదవండి. అర్థం కాకపోతే వచ్చి అడగండి. ఇంట్లోనే ఉంటాను.

మొదట పని మాటలు

చేను గల కామందుతో ఏ మాటైనా గట్టు మీద ఉండగానే తేల్చుకోండి. మోకాలి లోతు బురదలో దిగాక మీ మాటకి బలం ఉండదు. నీళ్ళు పెట్టి దున్ని దమ్ము సరిగ్గా చేయని చేలో దిగకండి. మట్టిగడ్డ మునివేళ్ళను తినేస్తుంది, కామందు మాత్రం నాటిన ఆకు తేలిపోయిందని మిమ్మల్నే అంటాడు. కడుపుతో ఉన్న మనిషిని వరసలో గట్టు పక్కన నిలబెట్టండి. ఒకరంటే ఒకరికి పడని తోడికోడళ్ళను పక్కపక్కన పెట్టకండి, మరీ దూరంగానూ పెట్టకండి. దూరం పెడితే వరస పొడుగునా తిట్టుకుంటారు.

ఇవన్నీ ఒకటి రెండు పంట కార్లు చేస్తే మీకే వస్తాయి. రానిది ఒకటుంది, పాట. పాట లేకుండా నాటిన చేను వంకరగా ఉంటుంది. నేను గొప్పకి చెప్పడం లేదు. వరసలో ఇరవై నడుములు ఒక్కసారే వంగి ఒక్కసారే వెనక్కి జరగాలంటే ఏదో ఒకటి అందరినీ పట్టుకుని ఉండాలి. మేస్త్రీ అరుపు ఆ పని చేయదు. అరిచే మేస్త్రీని చూస్తే నాకు జాలి. ఆమె దగ్గర పాట లేదన్నమాట.

పాటకి పేరు ఎలా వస్తుందంటే

మా ముఠాలో ఒక ఆనవాయితీ ఉండేది. పాట ఎత్తే మనిషి ఒక ముక్క అంటుంది. మిగతావాళ్ళం ఆ మనిషి పేరు పెట్టి పిలుస్తూ బదులు పలుకుతాం. ఎవరి పేరు నడుస్తుంటే వాళ్ళు మాత్రం బదులు పలకకూడదు. తన పేరు తను పిలుచుకోకూడదు, అంతే. ఎందుకని మా అమ్మని అడిగితే, "నిన్ను నువ్వు పిలుచుకుంటే పలికేదెవరే?" అంది. అంతకన్నా నాకూ తెలియదు.

ఆ మనిషి వేరే ఊరికి కాపురానికి వెళ్ళిపోతే, కొత్తగా ఎత్తే మనిషి పేరు పాటలోకి వస్తుంది. ఆ మనిషి చనిపోతే ఒక కారు పాటని పక్కన పెట్టి, తరవాత వేరే పేరుతో ఎత్తుకుంటాం. అంటే పాటలో ఒక చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. పేర్లు అందులోకి వచ్చి పోతుంటాయి.

నూకరత్నం దగ్గరికి వచ్చేసరికి ఇది తిరగబడింది.

నూకరత్నం మా ముఠాలో పనిచేసే సత్తెమ్మ కూతురు. మొగుడు వేరే కాపురం పెడితే చంటిపిల్లని ఎత్తుకుని పుట్టింటికి వచ్చేసింది. తొంభైల మొదట్లో మాట. వచ్చిన తరవాత చాలా రోజులు నోరు విప్పలేదు. వంగేది, నాటేది, జరిగేది. ఒకరోజు తెల్లారగట్ల మంచు ఇంకా విడలేదు. పక్క మనిషి కూడా సరిగ్గా కనపడడం లేదు. ఆ మంచులోంచి ఒక గొంతు లేచింది.

"గట్టు మీద కొంగ వాలె..."

ఎవరిదో తెలియలేదు. తెలియకపోతే ఏ పేరుతో పలకాలి? అందరం చేతుల్లో ఆకు పట్టుకుని ఆగిపోయాం. సత్తెమ్మకి మాత్రం తెలిసింది. ఒక్కతే పలికింది, "ఓ నూకరత్నమా" అని.

"ఎవరి కోసం చూత్తదే..."

ఈసారి అందరం పలికాం.

ఆ పాట మొత్తం ప్రశ్నలే. గట్టు మీద కొంగతో మొదలై, ఊళ్ళోకి నడిచి, ప్రతి గుమ్మం ముందూ ఆగుతుంది. పలానా వారి దూడ ఎందుకు అరిచింది, పలానా వారి అరుగు మీద ముగ్గు ఎవరు చెరిపారు, లాకుల దగ్గర పడవ ఎందుకు ఆగింది. జవాబులేమీ ఉండవు. ప్రతిదానికీ ఓ నూకరత్నమా అనే పలుకు. ఒక ప్రశ్నకి ఒక అడుగు వెనక్కి జరుగుతాం. ఊరంతా తిరిగి చివరికి, "పొద్దు వాలె, ఇల్లెటే" దగ్గర ఆగుతుంది. వింటూ నాటుతుంటే చేలో ఉన్నామో ఊళ్ళో నడుస్తున్నామో తెలిసేది కాదు. నడుం నొప్పి ఇల్లు చేరాక గుర్తొచ్చేది.

పాటతో కొలిచిన చేను

కాలవ గట్టు రోడ్డుని ఆనుకుని కృష్ణమూర్తి గారి చేను ఉండేది. మా ముఠాకి ఎక్కువ పని ఇచ్చే కామందు ఆయన. ఆ చేలో దిగి నూకరత్నం పాట ఎత్తితే, "ఇల్లెటే" అనేసరికి మడమలు సరిగ్గా రోడ్డు గట్టుకి తగిలేవి. ఒకసారి కాదు, ప్రతిసారీ. అప్పటికి ఆ చేనుకి మేము పెట్టుకున్న పేరేమీ లేదు. రోడ్డు పక్క చేను అనేవాళ్ళం. అక్కడి నుంచి అది నూకరత్నం చేను అయింది.

చూస్తుండగా అది మాకు కొలత అయిపోయింది. కొత్త చేను చూడడానికి వెళ్ళి వస్తే, "ఎంతుందే?" అని అడిగేవారు. "నూకరత్నం పాటంత పొడుగు, పైన కొంచెం" అని చెప్పేదాన్ని. దాంతో ఎంతమందిని తీసుకెళ్ళాలో తేలిపోయేది. కామందులు సెంట్లలో మాట్లాడతారు. సెంట్లు కాగితం మీద ఉంటాయి, నడుముకి తెలియవు.

ఒకసారి కృష్ణమూర్తి గారు గొడుగు కింద కూర్చుని విని, "ఏమ్మా, నా చేనుకి నన్నడక్కుండానే పేరు పెట్టేశారా?" అన్నారు.

"పట్టా మీ పేరునే ఉందిగదండి. పేరొకటి మాకొదిలేయండి" అన్నాను.

"బావుంది. పన్ను నాది, పాట మీదీనా!" అని నవ్వారు. మంచి కామందు. మాట పడేవాడు, మాట అనేవాడు. రెండూ చేయగలిగిన వాడి దగ్గరే పని చేయండి.

నూకరత్నం రెండేళ్ళు కూడా ఆ పాట పాడలేదు. ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళు గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి వెళ్ళడం మొదలైంది. ఏజెంటు ఒకడు వీధిలోకి వచ్చి కూర్చునేవాడు. సత్తెమ్మ వద్దంది. నేనూ వద్దన్నాను. "ఇక్కడుంటే దీన్నీ బురదలోనే దింపాలి, మేస్త్రమ్మా. పలక పట్టించాలని ఉంది నాకు" అని ఒళ్ళో పిల్లని చూపించింది. పిల్ల పేరు దేవి. అప్పటికి అడుగులు వేస్తోంది.

వెళ్ళాక మొదట్లో ఊళ్ళో ఎస్టీడీ బూతుకి ఫోన్ వచ్చేది. బూతు కుర్రాడు సైకిలు మీద చేలోకి వచ్చి పిలిచేవాడు, సత్తెమ్మ బురద కాళ్ళతో పరిగెత్తేది. తరవాత ఫోన్లు పలచబడ్డాయి. తరవాత ఆగిపోయాయి. బూతు నంబరు మారింది. కొన్నాళ్ళకి బూతే ఎత్తేశారు. ఆమె చేసినా మోగడానికి ఇక్కడ ఏమీ లేదు. ఏజెంటు ఊరు మార్చేశాడు.

పాట మాత్రం మేము ఆపలేదు. సత్తెమ్మే ఎత్తేది. ఆనవాయితీ ప్రకారం ఓ సత్తెమ్మా అని పలకాలి. ఎవరికీ నోరు రాలేదు. నూకరత్నం అనే పలికాం. అప్పుడు సత్తెమ్మ కూడా పలికేది, పాట ఎత్తుతూ బదులూ పలుకుతూ.

గట్టు తీసేసిన సంగతి

కృష్ణమూర్తి గారు మంచాన పడ్డాక వ్యవసాయం ఆయన కొడుకు చేతికి వచ్చింది. చదువుకున్న వాడు, చెడ్డవాడు కాదు. కానీ కొత్తగా వచ్చిన కామందు ఏదో ఒకటి మార్చందే ఊరుకోడు, గుర్తుపెట్టుకోండి. మొదటి ఏడు గట్టు మీద టేప్ రికార్డర్ పెట్టించాడు. "పాపం గొంతులు నొప్పెడతాయి, హాయిగా వింటూ చేసుకోండమ్మా" అని సినిమా పాటలు వేశాడు. ఆ పాటల్లో ఊపిరి తీసుకునే చోటు ఊడ్పుకి సరిపోదు. చెయ్యి ముందుకీ కాలు వెనక్కీ లాగాయి. మర్నాటికి సగం ఆకు తేలి నీళ్ళ మీద పడుకుంది. వచ్చి చూసుకుని టేప్ రికార్డర్ ఆయనే మోసుకుపోయాడు.

రెండో ఏడు ట్రాక్టరు తిరగడానికి వీలుగా రోడ్డు పక్క చేనుకీ దాని వెనక అంతే పొడుగున్న చేనుకీ మధ్య గట్టు తీసేశాడు. రెండూ కలిసి ఒకటే చేను. మేము ఎప్పట్లాగే అవతలి చివర దిగి, రోడ్డు వైపుకి వెనక్కి జరుగుతూ పాట ఎత్తాం. "ఇల్లెటే" దగ్గరికి వచ్చింది. అందరం ఒక్కసారే నడుములెత్తి వెనక్కి తిరిగాం. గట్టు లేదు. ముందు నీళ్ళే ఉన్నాయి.

నవ్వుకోవలసిన సంగతే. ఇరవై మంది ఆడవాళ్ళు చేను మధ్యలో ఆకు కట్టలు పట్టుకుని, ఇల్లు పోగొట్టుకున్న వాళ్ళలా నిలబడ్డాం. ఎవరూ నవ్వలేదు. మిగిలిన సగం మూగగా నాటాం. బురదలోంచి కాళ్ళు తీసే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ సగాన్ని మూగ మడి అన్నాం. పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తవచ్చు కదా అంటారేమో. ఒకసారి ఊరు తిరిగి ఇల్లు చేరిన పాటని మళ్ళీ గట్టు మీదికి ఎలా తోలుతాం? మాకు చేతకాలేదు.

ఆ తరవాత రెండో పంట దాళ్వాలో, పాట అయిపోయి మూగ మడి మొదలవగానే సత్తెమ్మ గొంతు లేచింది.

"ఊడిన పన్ను ఎక్కడ దాచె..."

పాటలో లేని ముక్క. ముందు రోజే దేవికి పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసిరారు, నాకు తెలుసు. అందరం పలికాం, ఓ నూకరత్నమా అని. సత్తెమ్మ ఇంకో నాలుగు ముక్కలు అంది. పిల్ల పలక ఎవరు కొన్నారు, జ్వరానికి కషాయం ఎవరు పోశారు, జడకి రిబ్బను ఏ రంగు.

అక్కడి నుంచి ప్రతి కారులోనూ సత్తెమ్మ మూగ మడిలోకి కొన్ని అడుగులు పాటని జరిపేది. కొత్త ముక్కలన్నీ పిల్ల కబుర్లే. మేమూ అందించేవాళ్ళం. "సత్తెమ్మా, నిన్న దేవి మా కోడిని తరిమింది, అదీ పెట్టవే" అని. ఏళ్ళు గడిచేసరికి మూగ మడి కుంచించుకుపోయి, రోడ్డు గట్టు దగ్గర కొన్ని అడుగులు మాత్రం మిగిలింది.

పేరు ఊరు దాటిపోయింది

ఈలోగా మాకు తెలియకుండా పేరు తిరగడం మొదలుపెట్టింది. ఆ చేను ముందు తూము మీద ఆటోలు ఆగేవి. మండపేట వైపు నుంచి వచ్చే కూలీలు, "నూకరత్నం దగ్గర ఆపు బాబూ" అనేవారు. కొన్నాళ్ళకి ఆటోవాళ్ళే ఆ పేరుతో కేకలేయడం మొదలుపెట్టారు. అక్కడ టీ కొట్టు పెట్టిన అప్పారావుని నూకరత్నం అప్పారావు అనేవారు. పాపం అతని పెళ్ళాం పేరు లక్ష్మి. "ఎవరయ్యా ఆ నూకరత్నం?" అని పుట్టింటి వాళ్ళు వచ్చి పంచాయితీ పెట్టారు. నేను వెళ్ళి తూముని చూపించాల్సి వచ్చింది.

మా ముఠాలో నెలలు నిండేదాకా పనిచేసిన ఒకామె ఆడపిల్లని కని, ఆ పేరే పెట్టింది. "తొమ్మిది నెలలూ లోపల్నుంచి విన్నాదండి, ఇంకో పేరు పెడితే పలకదు" అంది. ఒకరి గేదెకీ పెట్టారు. గేదె పలికేది కూడా.

ఒక ఏడు ఆత్రేయపురం వైపు ఊడ్పులకి మనుషులు చాలకపోతే మమ్మల్ని పిలిచారు. పక్క చేలో ఆ ఊరి ముఠా నాటుతోంది. ఉన్నట్టుండి అటు నుంచి ఓ నూకరత్నమా అని వినపడింది. మా వాళ్ళంతా ఆగిపోయారు. ప్రశ్నలు వేరు, వాళ్ళ ఊరి గుమ్మాలు. పలుకు మాత్రం మాదే. మధ్యాహ్నం అన్నాల దగ్గర వాళ్ళ పెద్దామెని అడిగాను.

"నూకరత్నం ఎవరో తెలుసాండి?"

"అమ్మవారు కదండీ. ఊడ్పులమ్మవారు. పిలుత్తుంటే నడుం పట్టదంట" అంది, నాకు తెలియదా అన్నట్టు.

సత్తెమ్మ పక్కనే ఉంది. అన్నం ముద్ద చేతిలో పట్టుకునే, "అవునండి, అమ్మవారే" అంది.

ఆ రోజు ఇంటికి వస్తూ నేను ఆలోచించాను. పేరు ఇలాగే పాకుతుంది కాబోలు. ముందు మనిషి దగ్గర ఉంటుంది. ఆ మనిషిని పిలవాల్సిన వాళ్ళు ఎక్కువై, మనిషి దొరక్కపోతే, దొరికిన చోటల్లా ఆనుకుంటుంది. పాటకి, చేనుకి, తూముకి, ఎవరికో పుట్టిన పిల్లకి. అలా ఎన్ని చోట్ల ఉన్నా అసలు మనిషి దగ్గర మాత్రం ఉందో లేదో మాకు తెలియదు.

పేరు మార్చమన్నారు

ముఠాలో నా తరవాత పెద్ద మరిడమ్మ. పనిలో గట్టిది, మాటలో ఇంకా గట్టిది. ఒక ఏడు చేనుకి తెగులు వస్తే ఆమె నోరు విప్పింది.

"ఎన్నేళ్ళయింది కబురు లేక? పోయినోళ్ళ పేరు చేలో పిలిస్తే చేను పండదు. మార్చేయండి."

"పోయిందని నీకు ఫోనొచ్చిందా?" అంది సత్తెమ్మ.

"ఉందని నీకొచ్చిందా?"

నేను మధ్యలోకి వెళ్ళి మరిడమ్మని వరస చివరికి మార్చాను. పేరు మారిస్తే ఏమవుతుందో ముఠాలో అందరికీ తెలుసు. వెళ్ళినప్పుడు మార్చలేదు గనక, ఇప్పుడు మార్చడమంటే మనిషి పోయిందని ఒప్పుకోవడం. ఊరంతటి ముందు, బురదలో నిలబడి, అందరి నోళ్ళతో. మర్నాటి నుంచి దేవి తల్లి లేని పిల్ల. నేను ఒప్పుకోలేదు.

అలాంటిది ఒకరోజు సత్తెమ్మే నా దగ్గరికి వచ్చింది. దేవి బళ్ళో ఎవరో కొత్త టీచరు అందరి అమ్మల పేర్లూ అడిగిందట. నూకరత్నం అని దేవి చెప్తే క్లాసంతా నవ్వింది. అది ఆటో స్టాపు పేరు కదా అన్నారు. పిల్ల ఇంటికొచ్చి అడిగింది.

"అమ్మమ్మా, మా అమ్మకి స్టాపు పేరు ఎందుకు పెట్టావే?"

"నేనేం చెప్పను మేస్త్రమ్మా?" అంది సత్తెమ్మ. "పేరు పోకుండా పట్టుకున్నాననుకున్నాను. పిల్లకి పేరు మిగిలింది, మనిషి మిగల్లేదు. మార్చేయండి. మరిడమ్మ పేరే పెట్టండి."

అడిగేది ఆమె అయితే నేను కాదనేదేముంది? మర్నాడు మార్చాం. మరిడమ్మ పాట ఎత్తింది. మేము ఓ మరిడమ్మా అని పలికాం. నోళ్ళు తిరగలేదు. కొందరు పాత పేరే అనేసి నాలిక కరుచుకున్నారు. అడుగులు తడబడ్డాయి. సత్తెమ్మ తల వంచుకుని నాటుతోంది. సగం చేను కాకుండానే మరిడమ్మ ఆకు కట్ట విసిరేసి నడుమెత్తింది.

"నా పేరొద్దు బాబోయ్! ఎవరో నన్ను దూరం నుంచి పిలుత్తున్నట్టుంది. ఎక్కడికో రమ్మంటున్నట్టుంది. నేను ఇక్కడే ఉన్నాను కదా, ఇంక పిలవకండే!"

అప్పుడు నాకు తెలిసింది, మా పలుకు ఇన్నేళ్ళలో ఎలా మారిపోయిందో. పక్కనున్న మనిషిని పిలిచే గొంతు కాదది. దూరాన ఉన్న మనిషిని పిలిచే గొంతు. దగ్గరి వాళ్ళు ఆ పిలుపుని మోయలేరు.

"సత్తెమ్మా, ఎత్తు" అన్నాను. అందరం వంగి ఎదురుచూశాం. నీళ్ళ మీద మబ్బు ఒకటి ఇటు నుంచి అటు వెళ్ళిపోయింది. తరవాత ఎత్తింది, గట్టు మీద కొంగ నుంచి. మరిడమ్మ మా అందరికన్నా గట్టిగా పలికింది, ఓ నూకరత్నమా అని.

రోడ్డు గట్టు

ఆ తరవాత వానాకాలం సార్వా ఊడ్పుల్లో జరిగింది ఇది. చినుకు పడి ఆగింది. గాలిలో తడి ఉంది, ఎండ లేదు. మధ్యాహ్నమో సాయంత్రమో తెలియని వెలుతురు. మేము ఆ చేలోనే, రోడ్డుకి వీపు పెట్టి వెనక్కి జరుగుతున్నాం. ఊరి గుమ్మాలన్నీ దాటాం. ఇల్లెటే అన్నాం. సత్తెమ్మ ముక్కల్లోకి వచ్చాం. పలక, కషాయం, రిబ్బను, కోడి, ఊడిన పన్ను, ఎక్కాలు, ఓణీ కావాలని ఏడుపు. అవీ అయిపోయాయి. గట్టు దగ్గర మూగ మడి కొన్ని అడుగులు మిగిలింది. చేతులు నాటుతున్నాయి, బురద చప్పుడు చేస్తోంది.

వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. బొంగురు గొంతు.

"అమ్మా, ఊడిన పన్ను మళ్ళీ వచ్చిందా?"

సత్తెమ్మ నడుమెత్తలేదు. చేతిలో ఉన్న కుదురు నాటింది.

"ఎప్పుడో వచ్చింది. ఇప్పుడు ఐదో తరగతి."

ఇంకో కుదురు నాటబోయింది. ఆ చెయ్యి బురదలోంచి పైకి రాలేదు.

నేను తిరిగి చూశాను. గట్టు మీద నూకరత్నం. సన్నబడింది. చేతిలో సంచి. కాళ్ళకి చెప్పులున్నాయి, వాటికి రోడ్డు తడి మట్టి. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో. పిల్ల ఉందో లేదో ఎవరినీ అడగలేదు. మొత్తం పాటే చెప్పేసింది.

అక్కడేం జరిగిందో ఆమె తరవాత కొంత చెప్పింది. ఇంటివాళ్ళు వేరే ఊరు తీసుకుపోయారట, కాగితాలు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయట, ఫోన్ చేస్తే నంబరు లేదని వినపడేదట. మిగతాది ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. రాజమండ్రిలో రైలు దిగి, మండపేటలో ఆటో ఎక్కిందట. కొత్త రోడ్డు, కొత్త కొట్లు, ఏమీ గుర్తుపట్టలేకపోయిందట. ఆటో అబ్బాయి తూము దగ్గర ఆపి తన పేరుతో కేకేస్తే, ఎవరో ఎదురొచ్చి పిలుస్తున్నారనుకుని దిగిపోయిందట. దిగి చూస్తే ఎవరూ లేరు. చేలోంచి మళ్ళీ అదే పేరు.

"భయమేసింది మేస్త్రమ్మా. నేను చచ్చిపోయానేమో, అందుకే అందరూ పాడుతున్నారేమో అనుకున్నాను. దేవి రిబ్బను మాట వినపడ్డాక బతికే ఉన్నాననుకున్నాను" అంది.

మొదటి రోజు దేవి ఆమె దగ్గరికి వెళ్ళలేదు. అమ్మమ్మ కొంగు వెనక నుంచి చూసి, "మీరు నిజంగా నూకరత్నమాండీ?" అని అడిగింది. అండి పెట్టి అడిగింది. నూకరత్నం సంచిలోంచి రిబ్బను తీసి పక్కన పెట్టింది. రంగు తప్పు. పైగా పిల్ల ఈ మధ్యే రిబ్బన్లు మానేసింది.

మర్నాడు ఆదివారం, బడి లేదు. మాకు ఆ చేను పక్క మడిలో ఊడ్పు. నూకరత్నం పనికి వస్తానంది. వద్దన్నా వినలేదు. వరసలో సత్తెమ్మ పక్కన నిలబెట్టాను. పాట ఎత్తమంటే గొంతు లేదంది. సత్తెమ్మే ఎత్తింది. దేవి గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది.

"గట్టు మీద కొంగ వాలె..."

అందరం పలికాం. దేవి కూడా పలికింది, మా అందరికన్నా గట్టిగా, ఆటోవాళ్ళు కేకేసినట్టు. ఇరవై నోళ్ళూ ఆ పిల్లా కలిసి పలికిన ఆ పేరు చేను దాటి, తూము దాటి వెళ్ళింది. వరసలో ఒక్కచోట మాత్రం పలుకు లేదు. నూకరత్నం వంగి, నోరు మూసుకుని నాటుతోంది. తన పేరు తను పిలుచుకోకూడదు.